పాలమూరు, నల్లగొండ జొన్నరొట్టె బండ్లు: బరువు తగ్గాలనుకునేవాళ్లు ఏం చూసుకొని తినాలి

పొద్దుగూకే వేళకు మహబూబ్‌నగర్, నల్లగొండ, వనపర్తి, మిర్యాలగూడ ఎక్కడికి పోయినా రోడ్డు పక్కన పెంక మీద జొన్నరొట్టె కాలుతున్న వాసన వస్తుంది. ఆ వాసనకు ఆగేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, పొట్ట తగ్గాలనుకునేవాళ్లు బాగా కనిపిస్తారు. రాత్రి అన్నం మానెయ్యమని డాక్టరు చెప్పిన మాట పట్టుకొని వస్తారు. రెండు రొట్టెలు, కప్పు పప్పు, రెండు గరిటెల పల్లి చట్నీ తిని మంచి తిండి తిన్నామన్న తృప్తితో ఇంటికి పోతారు. మూడు నెలలైనా కాటా మీద అంకె కదలకపోతే రొట్టె పని చేయదని వదిలేస్తారు. రొట్టె మంచిదే. ఆ ప్లేటులో పిండి ఎంత, నూనె ఎంత, కూర ఎంత అన్న లెక్క ఎవరూ చెప్పకపోవడం వల్లే ఫలితం రావడం లేదు. అందుకే ఒక్క బండి పేరు తీసుకోకుండా, మన దక్షిణ తెలంగాణ ఊళ్లలో దొరికే ఈ రొట్టె భోజనం మొత్తాన్ని బరువు, షుగర్ అనే రెండు కొలతలతో ఇక్కడ పరిశీలిస్తున్నాం.

తీర్పు ముందే చెప్తాం. రాత్రి భోజనానికి బయట దొరికేవాటిలో మంచి బండి మీది జొన్నరొట్టెను మించింది మన దగ్గర లేదు. ఇడ్లీ, దోశ, ఫ్రైడ్ రైస్, పరోటాల కంటే ఎన్నో మెట్లు పైన ఉంటుంది. అయితే బరువు తగ్గాల్సిన, ఒళ్లు కష్టం లేని ఉద్యోగం చేసే మనిషికి బండి మీది పెద్ద రొట్టె ఒకటి చాలు. రెండోది వద్దు. దాని బదులు రెండో కప్పు కూర తీసుకోవాలి, పల్లి చట్నీని చెంచాలతో కొలుచుకోవాలి. ఈ మూడూ పాటిస్తే రొట్టె పని చేస్తుంది.

ఎందుకో అంకెల్లో చూద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో దాదాపు 334 కేలరీలు, 10 గ్రాముల ప్రొటీన్, 10 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో 356 కేలరీలు, 8 గ్రాముల ప్రొటీన్, పీచు 3 గ్రాముల లోపే. గోధుమ పిండిలో 320 కేలరీలు, పీచు 11 గ్రాములు. జొన్నకూ బియ్యానికీ కేలరీల్లో తేడా 22 మాత్రమే. గోధుమ పొట్టు తీయకుండా పట్టిస్తే జొన్న దానికంటే ఏమీ తక్కువ కేలరీలది కాదు. అన్నం మాని రొట్టెలోకి దిగినందుకే బరువు తగ్గిపోతామనుకునేవాళ్లు ముందు ఈ వరుస చూడాలి. జొన్న చేసే మేలు వేరే చోట ఉంది. పీచు మూడింతలకు పైనే ఉండటం, బుక్క బుక్కా బాగా నమలాల్సి రావడం వల్ల తక్కువకే కడుపు నిండినట్టు ఉంటుంది. అన్నం పప్పుచారుతో గబగబా జారిపోతుంది, ఇంకో గరిటె పెట్టించుకుంటాం. రొట్టె అట్లా జారదు.

ఇప్పుడు రొట్టె బరువు సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు చేసే రొట్టెకూ బండి మీది రొట్టెకూ సైజులో తేడా ఉంటుంది. బండి మీద ప్లేటు నిండా కనబడాలి కాబట్టి ముద్ద పెద్దది పెడతారు. కాలిన రొట్టె బరువులో మూడింట రెండొంతులు పిండి, మిగతాది నీళ్లు అని లెక్కేసుకోవచ్చు. ఒకసారి రొట్టెను పార్సిల్ తెచ్చి వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. 110 గ్రాములు తూగితే అందులో పిండి 73 గ్రాములు, అంటే 245 కేలరీలు. 130 గ్రాములు తూగితే 290 కేలరీలు. మీరు ఎప్పుడూ తినే బండి రొట్టె ఎంత తూగుతుందో ఒక్కసారి తెలిస్తే చాలు, ఆ తర్వాత రోజూ తూచే పని లేదు. అట్లాంటివి రెండు తింటే ఒక్క రొట్టెలకే 490 నుంచి 580 కేలరీలు. 140, 160 గ్రాముల బియ్యం వండుకొని తిన్నా దాదాపు అంతే. రెండు రొట్టెలు తిని బరువు తగ్గనివాళ్ల లెక్క ఇక్కడే తప్పుతోంది.

ఇంకో అలవాటు ఉంది, దాని గురించి కచ్చితంగా చెప్పాలి. బండి దగ్గర ఒక రొట్టె తిని, ఇంటికి పోయాక "పెరుగన్నం తినకపోతే నిద్ర పట్టదు" అని నాలుగు బుక్కలు కలుపుకోవడం. ఆ నాలుగు బుక్కలే 150 గ్రాముల అన్నం, పైన పెరుగు. దానికి 250 కేలరీలకు తక్కువ ఉండదు. రొట్టె అన్నం స్థానంలోకి రావాలి. అన్నం పక్కకు వచ్చి కూర్చుంటే బరువు పెరుగుతుంది. పెరుగు కావాలనిపిస్తే గ్లాసు సల్ల తాగండి, ఉప్పు వేయకుండా, కొత్తిమీర, జీలకర్ర వేసుకొని.

రొట్టె అసలు జొన్నదేనా? పైనంతా లెక్కేసింది జొన్నకు కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యం. గోధుమ పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో ఉండదు. పిండి సాగదు, పగులుతుంది. పట్టు రావాలంటే మరిగే ఎసరులో పిండి వేసి కలపాలి, వేడికి పిండిపదార్థం జిగురుగా మారి పట్టునిస్తుంది. ఆ ముద్దను వెచ్చగా ఉన్నప్పుడే అరచేతి కింది భాగంతో బాగా మెదపాలి. ఇదంతా ఓపిక పని. గిరాకీ పెరిగి చేతులు తక్కువైనప్పుడు కొందరు మైదాగానీ గోధుమ పిండిగానీ కలుపుతారు. అప్పుడు కర్రతో చపాతీలా లాగేయొచ్చు, అంచులు పగలవు, చల్లారినా మెత్తగా ఉంటుంది. తినేవాళ్లకు అది బాగుందనిపిస్తుంది కూడా.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. రొట్టె తుంచి చూడండి. ఉత్త జొన్నరొట్టె పుటుక్కున విరుగుతుంది. మైదా కలిస్తే లాగినకొద్దీ సాగి తెగుతుంది. అంచుల్లో సన్నటి పగుళ్లు ఉండటం మంచి గుర్తు. పూర్తిగా చల్లారాక జొన్నరొట్టె గట్టిపడుతుంది, అరగంటకు కూడా రుమాలులా మడతపడితే అనుమానించాలి. ఇంకా కచ్చితంగా కావాలంటే నిమ్మకాయంత పచ్చి పిండి ముద్ద అడిగి తెచ్చుకొని, సన్నటి నీటి ధార కింద పెట్టి వేళ్లతో మెదపండి. ఉత్త జొన్న పిండి మొత్తం కరిగిపోయి చేతిలో కొంచెం పొట్టు మిగులుతుంది. మైదాగానీ గోధుమగానీ గట్టిగా కలిసి ఉంటే చివరికి రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీది విషయం. వాళ్లు చపాతీ, జొన్నరొట్టె ఒకే పెంక మీద కాల్చే బండి దగ్గర అసలు తినకూడదు.

కర్రతో చేసినంత మాత్రాన కల్తీ అనుకోవద్దు. ఎసరు పిండి బాగా కుదిరితే ఉత్త జొన్న పిండినీ కర్రతో ఒత్తొచ్చు. చేతితో తట్టిన రొట్టె చూస్తే నమ్మకం కలుగుతుంది, అంతే. నారాయణపేట, మక్తల్ వైపు కర్ణాటక సరిహద్దు దగ్గర పల్చటి రొట్టె అలవాటు. పల్చగా ఉంటే పిండి తక్కువ పడుతుంది కాబట్టి బరువు తగ్గాలనుకునేవాళ్లకు ఆ రకమే మేలు.

పిండి పాతదైతే రొట్టె చేదెక్కుతుంది. జొన్న గింజ మొలక భాగంలో కొవ్వు ఉంటుంది, గిర్నిలో పట్టించగానే అది గాలికి తగిలి పాడవడం మొదలవుతుంది. ఎండాకాలంలో రెండు మూడు వారాలకే వాసన మారుతుంది, పట్టు కూడా పోయి తట్టేటప్పుడు ముక్కలవుతుంది. ఆ పగుళ్లు కప్పడానికే మళ్లీ మైదా కలుపుతారు. అందుకే బండి అక్కను అడగాల్సిన మొదటి మాట ధర గురించి కాదు. "అక్కా, పిండి ఎన్నడు పట్టించినవు?" అని అడగండి. వారంలోపు అని చెప్పి, పిండి డబ్బా తీసి చూపిస్తే ఆ బండి మీద నమ్మకం పెట్టుకోవచ్చు. పిండిని సన్నటి జల్లెడ పట్టి పొట్టు పారబోస్తే తెల్లటి రొట్టె వస్తుంది కానీ పీచు చాలావరకు ఆ పొట్టులోనే పోతుంది. కొంచెం ముదురు రంగులో, నాలుకకు కాస్త గరుకు తగిలే రొట్టె కోరుకోండి. పచ్చజొన్న రొట్టె దొరికితే రుచికి తినండి, లెక్క మాత్రం తెల్లజొన్నకు వేసినట్టే వేసుకోండి.

కూర దగ్గరికి వద్దాం. బండి మీది భోజనం బాగుపడేదీ చెడిపోయేదీ ఇక్కడే. రొట్టెలో నూనె ఉండదు, ఉన్న నూనె అంతా కూరలో, చట్నీలో ఉంటుంది. ఒక చిన్న చెంచా నూనె 5 గ్రాములు, 45 కేలరీలు. వంకాయ కూర కప్పు మీద ఎర్రటి నూనె తేలుతుంటే అందులో రెండు మూడు చెంచాలు ఉన్నట్టే. అంటే రొట్టెలో సగం. ఆ తేలే నూనెను కప్పు వంచి పక్కకు తీసేయొచ్చు, అందరి ముందూ సిగ్గుపడాల్సిన పని కాదు అది. గరిటె అడుగు నుంచి తీసి పెట్టమంటే చాలామంది పెడతారు కూడా.

మొదటి కప్పు పప్పు ఎంచుకోండి. పాలకూర పప్పు, పుంటికూర పప్పు, గంగవాయిలి పప్పు, చుక్కకూర పప్పు ఏదైనా. దీనికి కారణముంది. జొన్న ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌ను కట్టే ముక్కల్లో ఒకటి, తక్కువ. పైగా జొన్న ప్రొటీన్ ఉడికాక కొంత అరుగుదల తగ్గుతుంది. కందిపప్పులో ఆ లైసిన్ దండిగా ఉంటుంది, 100 గ్రాముల పప్పులో 22 గ్రాముల దాకా ప్రొటీన్ కూడా. మన పక్కన తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత మంచి పప్పు పండే నేల మీద రొట్టెను ఉత్త పచ్చడితో తినడం చాలా నష్టం. అయితే బండి పప్పు ఎంత చిక్కగా ఉందో చూడాలి. నీళ్లలా ఉన్న కప్పులో పప్పు 15 గ్రాములు కూడా ఉండదు, అందులో ప్రొటీన్ 3 గ్రాములు. గరిటె జారితే నెమ్మదిగా పడే పప్పు కావాలి. చాలదనిపిస్తే ఒక ఉడకబెట్టిన గుడ్డు చేర్చండి, 6 గ్రాములు కలుస్తాయి. అలసందల గుడాలు, పెసర గుడాలు అమ్మే బండి పక్కన ఉంటే ఒక చిన్న గిన్నె అవి కూడా సరిపోతాయి.

రెండో కప్పు కూరగాయది ఉండాలి. బీరకాయ, సొరకాయ, దోసకాయ, చిక్కుడు, బెండకాయ, ఆకుకూర ఏది ఉంటే అది. ఆలుగడ్డ కూర మాత్రం కాదు, దాన్ని అన్నం లెక్కలోకే వేయాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నాయి. మన భోజనాల్లో అందులో సగం కూడా పడదు. బండి మీద వరుసగా గిన్నెలు చూస్తే పప్పు, వంకాయ, చికెన్, మటన్, పల్లి చట్నీ, తొక్కు ఉంటాయి. పచ్చటి కూర ఒకటే ఉంటుంది లేదా ఉండదు. ఈ బండ్ల మీద మాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ ఉచితంగా ఇస్తారు, అవి తీసుకోండి. నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ మేలు పోతుంది, కనీసం గంట ఆగాలి. ఇంటి నుంచి కీరదోస, ముల్లంగి, క్యారెట్ కోసుకొని చిన్న డబ్బాలో తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఆ అలవాటు అందరికీ రావాలి.

పల్లి చట్నీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పాలమూరు పల్లీల సీమ. 100 గ్రాముల పల్లీల్లో 520 కేలరీలు, 40 గ్రాముల కొవ్వు. కొవ్వు మంచి రకమే, ప్రొటీన్ కూడా 23 గ్రాములు ఉంటుంది. అందుకే పల్లీలు మానెయ్యమని మేం చెప్పం. కానీ గట్టి చట్నీ రెండు పెద్ద చెంచాల్లో 15 గ్రాముల పల్లీలు, అంటే దాదాపు 80 కేలరీలు ఉంటాయి. బండి మీద రొట్టె అయ్యేలోపు మూడుసార్లు వడ్డించుకుంటే 240. రొట్టె ఒకటి తగ్గించి మిగిల్చుకున్నది చట్నీతో తిరిగొచ్చేసింది. ఒక్కసారి, రెండు చెంచాలు, అంతటితో గిన్నె పక్కకు జరపండి.

ఎల్లిపాయ కారం, పచ్చిమిరప తొక్కు, మామిడి తొక్కు కేలరీల్లో పెద్దవి కావు కానీ ఉప్పు గనులు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని లెక్క, అంటే ఒక చిన్న చెంచా. బీపీ ఉన్నవాళ్లు తొక్కు ముట్టకపోవడమే మంచిది. కారం నాలుకను మంటపెడితే చల్లార్చడానికి ఇంకో రొట్టె తింటాం, ఆ నష్టం వేరే.

మాంసం కూరల్లో నాటుకోడి చారు పల్చగా ఉంటే పప్పు బదులు తీసుకోవచ్చు, రెండు మూడు ముక్కలు. తలకాయ కూర, బోటి మీద కొవ్వు మందంగా పేరుకొని ఉంటుంది, వారం వారం తినే తిండి కాదు అది. రొట్టెను మటన్ పులుసులో ముంచితే నూనె అంతా రొట్టె పీల్చుకుంటుంది. ముక్కను రొట్టెతో పట్టుకొని తినండి, పులుసు కప్పులోనే వదిలేయండి.

శుభ్రత విషయంలో చూడాల్సినవి మూడే. రొట్టె తట్టేటప్పుడు చేయి ముంచే నీళ్ల గిన్నె, రొట్టె మీద తడి అద్దే గుడ్డ, పార్సిల్ చుట్టే కాగితం. ఆ గిన్నెలో నీళ్లు బురదలా ఉంటే ముందుకు పోండి. గుడ్డ తెల్లగా ఉండాలి, నల్లబడి జిడ్డుగా ఉంటే రొట్టె కాలుతుంది కదా అని సర్దుకోవద్దు. న్యూస్ పేపరులో చుట్టిన రొట్టె తినొద్దు. ప్రింటు రంగులోని రసాయనాలు వేడికి తిండిలోకి దిగుతాయని ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. వేడి పప్పు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవడం అంతే చెడ్డది. మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ వెంట తీసుకొని పోతే రెండు సమస్యలూ తీరుతాయి. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు పిండి ఏ నీళ్లతో కలుపుతారో కూడా అడగాలి. ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు కాచినంత మాత్రాన బాగుపడవు, నీరు ఇగిరిపోయిన కొద్దీ ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నల్లా నీళ్లు, అంటే కృష్ణా నీళ్లతో కలిపే బండి చూసుకోండి.

రొట్టె మీద నల్లగా మాడిన మచ్చలు పెద్దవిగా ఉంటే గీకేయండి. పైన బాగా మాడి లోపల పచ్చిగా ఉందంటే మంట ఎక్కువ పెట్టి తొందరపడ్డారని అర్థం. అట్లాంటి రొట్టె తిన్నాక కడుపు బరువుగా ఉండి గ్యాస్ పడుతుంది, జొన్న పడదని అనుకుంటాం. మంట మధ్యరకంగా ఉండి, తడి అద్దిన వైపు ఆరాక తిప్పి, చివర నిప్పు మీద పొంగనిస్తే లోపల కూడా ఆవిరికి ఉడుకుతుంది. పొంగిన రొట్టె కోసం రెండు నిమిషాలు ఆగడం తప్పు కాదు. నిజంగానే జొన్న కొత్తవాళ్లకు మొదటి వారం పీచు వల్ల ఉబ్బరం వస్తుంది. రోజు మార్చి రోజు తింటూ, నీళ్లు బాగా తాగుతూ రెండు వారాల్లో అలవాటు చేసుకోవాలి.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు రాత్రి తిండి తగ్గించినా షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు మాత్రం ఆ ప్రమాదం ఉంది. రెండు ప్లేట్ల అన్నం నుంచి ఒక్కసారిగా ఒక రొట్టెకు దిగితే అర్ధరాత్రి చెమటలు, వణుకు, గుండె దడ రావచ్చు. డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకున్నాకే తగ్గించండి. మీటరు మీద 70 కంటే తక్కువ కనిపిస్తే 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. రొట్టె మీ ఒంటికి ఎట్లా పనిచేస్తోందో తెలుసుకోవడానికి గ్లూకోమీటరే మంచి సాక్షి. మొదటి బుక్క తిన్న సమయం నుంచి సరిగ్గా 2 గంటలకు చూడండి. ఒకరోజు అన్నంతో, ఇంకోరోజు అదే కూర, ఒక రొట్టెతో చూసి పోల్చుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు సాధారణంగా 180 లోపు ఉండాలని పెట్టుకుంటారు. జొన్న అయినా రెండు మూడు రొట్టెలు తింటే ఆ గీత దాటడం మామూలే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు, ఆకుకూరల మోతాదు తమ డాక్టరు చెప్పినట్టే పెట్టుకోవాలి, ఇక్కడ రాసింది వాళ్లకు వర్తించదు.

సమయం కూడా భోజనంలో భాగమే. బండ్లు ఆరు గంటలకే పెడతారు, ఏడు, ఏడున్నరకు తినేయడం కుదురుతుంది. పది గంటలకు తిని పడుకునేవాళ్లకు పొద్దున పరగడుపు షుగర్ తగ్గడం కష్టం. తిన్నాక కూర్చోకుండా 15 నిమిషాలు మామూలుగా నడవాలి. కండరాలు కదిలితే రక్తంలోని గ్లూకోజ్‌ను అవి నేరుగా పీల్చుకుంటాయి, తిన్న తర్వాత ఎగిసే షుగర్ తగ్గుతుంది. బండిని ఇంటికి కిలోమీటరు దూరంలో ఎంచుకొని నడిచి పోయి నడిచి రావడం అన్నిటికంటే తేలిక. బైకు మీద పోయి తిని వచ్చేవాళ్లకు ఈ మేలు అందదు.

పొద్దటి నడక వేరే లెక్క. 70 కిలోల మనిషి అరగంట గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే 120 కేలరీల దాకా ఖర్చవుతాయి, అంటే బండి రొట్టెలో సగం. నడిచాం కదా అని టిఫిన్‌లో రెండు బోండాలు ఎక్కువ తింటే లెక్క తిరగబడుతుంది. నడక బరువు కంటే గుండెకు, షుగర్‌కు ఎక్కువ మేలు చేస్తుంది, బరువు తగ్గడం మాత్రం చాలావరకు ప్లేటులోనే జరుగుతుంది. వారానికి 150 నిమిషాలు కనీసం. నల్లగొండలో ఎన్జీ కాలేజీ మైదానం, పానగల్ ఉదయసముద్రం కట్ట ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో స్టేడియం, పెద్దచెరువు కట్ట, అప్పన్నపల్లి వైపు అర్బన్ ఎకో పార్కు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉండాలి. నడకతో పాటు వారానికి రెండు రోజులు కండరాల పని కూడా పెట్టుకోండి. కుర్చీలో నుంచి చేతుల ఆసరా లేకుండా 10 సార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి 10 సార్లు తోయడం, ఇట్లా మూడు విడతలు. తిండి తగ్గించి కండరాల పని చేయకపోతే తగ్గే బరువులో కండ కూడా పోతుంది, తర్వాత బరువు తిరిగి తొందరగా వస్తుంది.

ఎంత తగ్గుతారు? రోజుకు 500 కేలరీలు తక్కువ పడితే మొదట్లో వారానికి అర కిలో దాకా. అంతకంటే వేగంగా తగ్గాలని తొందరపడొద్దు. మొదటి వారం తగ్గేదాంట్లో నీరే ఎక్కువ ఉంటుంది. 80 కిలోల మనిషికి 5 కిలోలు తగ్గినా చాలా లాభం. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద మధుమేహ నివారణ పరిశోధనలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. కాటాతో పాటు టేపు కూడా పెట్టుకోండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక కొలవాలి. మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ప్రమాదం మొదలైనట్టు. కాటా కదలని వారాల్లో కూడా టేపు తగ్గుతూ ఉంటే దారి సరిగానే ఉంది.

బండి దగ్గర్లో లేనివాళ్లకు ఇంట్లో చేసుకోవడం. 200 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి మంట ఆపి, 200 గ్రాముల పిండి వేసి గరిటెతో కలిపి 5 నిమిషాలు మూత పెట్టాలి. వెచ్చగా ఉన్నప్పుడే 5 నిమిషాలు మెదిపి నాలుగు ముద్దలు చేస్తే ఒక్కోదాంట్లో పిండి 50 గ్రాములు, కేలరీలు 167. ఈ సైజు అయితే రెండు తినొచ్చు. తట్టేటప్పుడు అంచు పగిలితే నీళ్లు తక్కువైనట్టు, చేతికి అంటుకుంటే ఎక్కువైనట్టు. దుకాణాల్లో ప్యాకెట్ పిండి కొనేటప్పుడు పట్టిన తేదీ చూడండి, మల్టీగ్రెయిన్ అని రాసి ఉంటే దినుసుల వరుసలో మొదటి పేరు ఏదో చదవండి. ఎక్కువగా అది గోధుమే ఉంటుంది. ఖడక్ రొట్టె, అంటే ఎండబెట్టిన కరకరలాడే రొట్టె, నీరు లేనిది కాబట్టి తేలికగా కనబడుతుంది కానీ తూకానికి తూకం మెత్తటి రొట్టె కంటే కేలరీలు ఎక్కువ. జొన్న బిస్కెట్లు, జొన్న మురుకులు చక్కెర, నూనె పట్టినవి, వాటిని ఈ లెక్కలోకి తేవొద్దు. పళ్లు లేని పెద్దవాళ్లకు రొట్టెను పప్పులో పది నిమిషాలు నాననివ్వండి, లేదంటే రొట్టె బదులు జొన్న గట్క సల్లతో పెట్టండి.

రొట్టె ధర ఊరిని బట్టి మారుతుంది. రెండు రొట్టెలు తినేవాళ్లు ఒకటి మాని ఆ డబ్బుతో కప్పు కూర తీసుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు. రోజూ పోయే బండి అయితే "అక్కా, నాకు ముద్ద చిన్నగ పెట్టు, పైసలు అవ్వే ఇస్త" అంటే అర్థం చేసుకుంటారు, పల్చగా తట్టి ఇస్తారు.

రొట్టె మిగిలితే పారేయొద్దు. కూర, పప్పు ఫ్రిజ్‌లో పెట్టండి, రొట్టెను శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి డబ్బాలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ పట్టి పొద్దుటికే జిగురు వాసన వస్తుంది. రాత్రంతా చల్లబడిన రొట్టెలో పిండిపదార్థం కొంత అరగని రకంగా మారుతుంది, షుగర్ కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది. పొద్దున దాన్ని తుంచి చిలికిన సల్లలో వేసి, ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిర్చి పక్కన పెట్టుకొని తింటే ఇడ్లీల పని ఉండదు. ఎండాకాలంలో మాత్రం రొట్టె రాత్రి దాటి నిలవ ఉంచొద్దు, తడి ఎక్కువగా ఉన్న బండి రొట్టె తెల్లారేసరికి బూజు పట్టే వీలుంది. తుంచినప్పుడు దారాలు సాగితే అది పాడైనట్టే.